నోటీసాయన

"ఆ కుర్చీ మా దగ్గరికి వచ్చే జనం కోసమండీ. లేవండి."

లాయరమ్మ మాటకి ఆయన ఉలిక్కిపడి లేచాడు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరనే లేదు.

గృహమండలిలో బంట్రోతు ఆయన.

గృహమండలి అంటే ఊరందరికీ హడల్. అక్కడి అధికారి ఒక్క సంతకం పెడితే చాలు, నిక్షేపంలా ఉన్న ఇల్లు కూడా శిథిలాల లెక్కలోకి పోతుంది. ఆ సంతకమున్న నోటీసును ఇంటింటికీ మోసుకెళ్ళేది ఈయనే. ఆయన వీధి మలుపు తిరిగితే తలుపులు టపటపా మూసుకునేవి. పేరు ఎవరికీ తెలియదు. అందరికీ నోటీసాయన.

లాయరమ్మ ఆఫీసు కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండు గదులు. నలుగురు లాయర్లు కలిసి పెట్టుకున్నారు. ఇల్లు పోయేవాళ్ళ తరఫున మండలి మీద పైసా తీసుకోకుండా వాదిస్తారు. మండలి కోర్టులో వేసే జవాబుల ప్రతులు ఇవ్వడానికి నోటీసాయన వారానికోసారైనా ఆ మెట్లు ఎక్కాల్సిందే.

కాగితాలు అందినట్టు ఆమె సంతకం చేసి పుస్తకం తిరిగిచ్చింది. ఆయన కదల్లేదు.

"వెనక వీధి టైలరు కేసు ఏమైందమ్మా?"

"ఎందుకు? మీ ఆఫీసరు చెవిన వేయడానికా?"

"అబ్బే. ఊరికే అడిగానమ్మా."

ఆయన దిగి వెళ్ళాక ఆమె టైపిస్టుతో అంది.

"ఈయన ఉన్నప్పుడు కాగితాలు బల్ల మీద పరచకు. కూపీ లాగడానికే వస్తాడు."

ఆ ఏడే పై కోర్టులో పెద్ద కేసు తేలింది.

నోటీసు అందిన ఇరవై ఒక్క రోజుల్లో అభ్యంతరం రాసిచ్చిన వాళ్ళని, వాళ్ళ మాట వినకుండా ఖాళీ చేయించకూడదని కోర్టు తీర్పు చెప్పింది. మండలి నోటికి మొదటిసారి తాళం పడింది. నూటికి పైగా ఇళ్ళు నిలబడ్డాయి. గడువు దాటకుండా అందరూ ఈ మెట్లెక్కి వచ్చారు కాబట్టే అది సాధ్యమైంది.

"అంతా మన కరపత్రం మహిమే," అంది లాయరమ్మ. నోటీసు వస్తే గడువులోగా ఏం చేయాలో చెప్పే ఆ కాగితాన్ని ఆమె వారం రోజులు కూర్చుని రాసింది మరి.

తీర్పు వచ్చిన మధ్యాహ్నం అందరూ టీలు తాగారు, ఫోటోలు దిగారు. తర్వాత మిగతా లాయర్లు ఇళ్ళకి బయల్దేరారు. టైపిస్టు బస్సు వేళయిందని పరిగెత్తింది. లాయరమ్మ కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు. ఖాళీ గదిలో ఒక్కతే కూర్చుని, కంఠతా వచ్చేసిన తీర్పునే మళ్ళీ చదువుకుంటోంది.

గుమ్మంలో అలికిడి.

"గెలిచారట కదమ్మా."

"గెలిచాం. మీ వాళ్ళు ఓడిపోయారు. మీకేం సంతోషం?"

ఆయన నవ్వాడు. ఇంకేదో చెప్పాలనుకున్నాడు.

ఆమె తల ఎత్తలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు మెల్లగా దిగిపోయింది.

రెండు నెలలకి కాగితాలు పట్టుకుని వేరే మనిషి వచ్చాడు.

"పాతాయన ఏడీ?"

"పోయాడండి. రెండ్రోజులు డ్యూటీకి రాకపోతే గదికి వెళ్ళి చూశాం. నిద్రలోనే ప్రాణం పోయిందన్నారు."

"ఇంట్లో వాళ్ళు?"

"ఎవరూ లేరండి. శ్మశానానికి మేం నలుగురమే వెళ్ళాం. ఇక్కడ సంతకం పెట్టండి."

ఆమె పెట్టింది. అయ్యో అనుకుంది. మరుసటి రోజుకి మరిచిపోయింది.

ఆ తర్వాత ఎందుకో లెక్క తప్పింది.

నోటీసు అందిన ముప్పై రోజులకి ఒకామె వచ్చింది. నలభై రోజులకి ఓ ముసలాయన వచ్చాడు. గడువు దాటాక వస్తే ఏ కోర్టూ ఏమీ చేయలేదు.

ఇస్త్రీ చేసుకు బతికే ఒకావిడ సామానంతా రోడ్డు మీద పడ్డాక వచ్చింది.

"ఇరవై ఒక్క రోజుల్లో రావాలని నోటీసులోనే ఉంది కదమ్మా!" లాయరమ్మ గొంతు పెరిగింది.

"ఎక్కడుందమ్మా?"

నాలుగో పేజీలో ఉంది. అడుగున, చీమల బారులా.

"కొత్తాయన తలుపుకి అంటించి పోయాడమ్మా. చదివి చెప్పేదెవరు?"

లాయరమ్మకి ఆ పూట అన్నం సహించలేదు. కరపత్రాల కట్ట తీసుకుని వెనక వీధికి నడిచింది. ఇల్లు దక్కించుకున్న టైలరు మిషను ఆపి, గబగబా స్టూలు తుడిచి వేశాడు.

"అన్నా, ఒక్క మాట చెప్పు. అప్పట్లో నువ్వు గడువులోపే ఎలా రాగలిగావు? ఇది చూసేనా?"

టైలరు కరపత్రం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదెప్పుడూ చూడలేదమ్మా. నోటీసాయనే కదా చెప్పింది."

"ఏం చెప్పాడు?"

"మొదట మొహాన తలుపేశాం. అయినా పోలేదు. అరుగు మీద కూర్చుని నోటీసు మొత్తం చదివి వినిపించాడు. తేదీ చుట్టూ గీత గీశాడు. రేపే వెళ్ళండి, కళ్ళజోళ్ళ కొట్టు పైన ఒక లాయరమ్మ ఉంది, కోపిష్టిదే గానీ ప్రాణం పెట్టి వాదిస్తుందన్నాడు. మా ఆవిడ భయపడుతుంటే మీ మెట్ల దాకా వచ్చి దింపాడు. ఈ వీధిలో ప్రతి ఇంటికీ అంతేనమ్మా."

లాయరమ్మ కరపత్రాల కట్ట పక్కన పెట్టింది.

"మరి... నాతో ఒక్కరూ అనలేదేం?"

"తన సంగతి ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నాడు, ఉద్యోగం పోతుందని. అయినా మీకు వేరే చెప్పడమెందుకమ్మా?" టైలరు ఆశ్చర్యంగా చూశాడు. "ఆయన మీ మనిషే అనుకున్నాం కదా, మేమందరం!"