గౌను మధ్య కంత

"అమ్మా, ఆ కంత పూడ్చేస్తాను. కూలి వద్దు."

గుమ్మంలో నిలబడి అడిగాడు ముసలాయన. చేతిలో చెక్క సూది, నైలాన్ దారపుండ.

డిజైనరమ్మ తలెత్తి చూసింది. పారేసిన చేపల వలలతో కుట్టిన గౌనును బొమ్మకు తొడిగి, దాని ముందు గుండుసూదులతో కుస్తీ పడుతోంది. పట్టు అయితే ఎవరైనా కుడతారు, తుక్కులోంచి అందం తీసి చూపించాలని ఆమె పంతం. ఎల్లుండే ప్రదర్శన.

ఆ గౌను ప్రాణమంతా కంతలోనే ఉంది. మెడ నుంచి నడుము దాకా ఉంది అది. పైన వల కళ్ళు ఒక్కొక్కటే తిన్నగా తెగాయి. సగం దాటాక అడ్డదిడ్డంగా చీలిపోయింది.

"పూడ్చడమేంటి తాతా! ఆ కంత కోసమే గౌను కుట్టింది. సముద్రం చింపిన కంత అది."

"సముద్రం కాదమ్మా. కత్తి."

"ఏదైతేనేం?"

పక్కనే మిషను ముందు కూర్చున్న టైలర్ మాస్టారు నవ్వాడు. "అంచులు ఊడిపోతున్నాయమ్మా, ఈయనతో ముళ్ళు వేయించుకుందాం. వల ముడి మనకి చేతకాదుగా."

అలా ముసలాయన లోపలికి వచ్చాడు. బొమ్మ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. టీ ఇస్తే ముట్టలేదు.

సాయంత్రం బయటి పని చూసుకుని వచ్చిన డిజైనరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

కంత లేదు! ఎక్కడ ఉండేదో కూడా తెలియకుండా అల్లేశాడు.

ఆమె ఒంటికాలి మీద లేచింది. "ఎవరు పూడ్చమన్నారు నిన్ను? నీ చాదస్తంతో నా రెండు నెలల కష్టం బుగ్గిపాలు చేస్తావా?"

కత్తెర అందుకుంది. ముసలాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"మళ్ళీ కొయ్యకమ్మా. నీకు దణ్ణం పెడతాను. మూసి ఉండనీ."

"ముందు పక్కకు జరుగు!"

కత్తెర పడ్డ ప్రతిసారీ ముసలాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆయన వేసిన చివరి ముడి తెగి కంత మునుపటిలా తెరుచుకున్నాక, సూది స్టూలు మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకుంది ఆమె.

ప్రదర్శనలో గౌనుకు చప్పట్లే చప్పట్లు. "ఈ కంత కోసిందెవరో గానీ, ఏం చెయ్యి!" అంది న్యాయనిర్ణేతల్లో ఒకావిడ. ఆ మాట డిజైనరమ్మ తలకెక్కింది.

మర్నాడు పొద్దున్నే తుక్కు వ్యాపారి ఇంకో బండెడు వలలు దింపించాడు.

"ఇలాంటి కంతలే ఇంకో నాలుగు వలలకి కోయించాలి," అందామె. "అటుమొన్న వలలు అల్లే ఒక ముసలాయన వచ్చాడు. ఎవరో తెలిస్తే పంపించు. నాలుగు మాటలన్నాను పాపం, మనసులో పెట్టుకోవద్దని చెప్పు."

వ్యాపారి చేతిలోని తాడు జారిపోయింది.

"ఆయన ఇక్కడికొచ్చాడా? వల తిరిగిచ్చెయ్యమని నా కాళ్ళు పట్టుకున్నాడమ్మా. మీకు అమ్మేశానని చెప్పాను. నిన్న ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎటు పోయాడో ఎవరికీ తెలీదు."

"ఆ వల ఆయనదా?"

"ఆయనదే. అప్పట్లో ఒడ్డున పారేసిపోయాడు. పోయిన వానల్లో ఒక్కగానొక్క కొడుకు నీళ్ళలో అందులోనే చిక్కుకుపోయాడు. కోసి బయటికి లాగింది ఆయనే."

ఆమె వెనక్కి తిరిగింది. స్టూలు మీద చెక్క సూది అలాగే ఉంది.

వ్యాపారి గౌను వంక చూడలేక తల దించుకున్నాడు.

"వల పాడైపోతుందని మొదట ఒక్కో కన్నే చూసి చూసి కోశాడట, కొడుకు కదలడం మానేశాకే అలా అడ్డదిడ్డంగా చీల్చేశాడమ్మా."