కొరియా రక్తం, సూలూరు తీర్మానం

సినిమా అయిపోయింది. లైట్లు వెలిగాయి. తమిళనాట సూలూరులో, తరాల కిందట వచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్ళ సంఘం హాల్లో ఎవరూ కుర్చీ వదల్లేదు.

అప్పటిదాకా తెరమీద ఒక కొరియా తల్లి, తన కూతుర్ని చంపినవాళ్ళను ఒక్కొక్కణ్ణే వెతికి పట్టుకుని చేపలు కోసే కత్తితో కోసేసింది. చివర కత్తి కడిగి, గోడకు తగిలించి, అన్నం వండుకుంది.

ముందు నోరు తెరిచింది సంఘం అధ్యక్షుడు సుబ్రమణియం. పవర్‌లూమ్ షెడ్ల యజమాని. గొంతు కూడా మగ్గాల చప్పుడు మీద అరిచి అరిచి తయారైందే.

"ఏమ్మా మేనకా, ఇది సినిమా పడమా, కసాయి కొట్టా? దీన్నా మన పిల్లోళ్ళకి చూపిస్తానంటివి?"

మేనక నూలు మిల్లులో ఉద్యోగం చేస్తుంది. ఆదివారాలు ఈ హాలు వెనక గదిలో కాలేజీ పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతుంది. ఆ పిల్లలకు కొరియా సినిమాలంటే పిచ్చి. తెర కింద వచ్చే తర్జుమా మాటలు తెలుగులో వస్తే చదవడం అదే అలవాటవుతుందని ఆమె వాదన. ముందు పెద్దలం చూడాలి, తర్వాతే పిల్లలు, అన్నాడు సుబ్రమణియం. చూశారు.

అసలు సంగతి వేరు. ఆ వెనక గది ఆయనకు కావాలి. పెళ్ళిళ్ళ వంటపాత్రలు పెట్టుకోవడానికి చోటు లేదట. తరగతి మూయించడానికి సాకు వెతుకుతున్నాడు. సాకు కొరియానుంచి వచ్చింది.

సినిమా మొదలయ్యేముందు మేనక ఒకే మాట చెప్పింది. "కింద వచ్చేది అర్థం కాకపోతే చెయ్యెత్తండి. నిలిపి చెప్తా." ఒక్క చెయ్యి లేవలేదు. చేతులన్నీ బజ్జీల ప్లేట్ల మీద ఉన్నాయి.

"అబ్బబ్బా, ఎంత రత్తం! కండ్లు మూసుకొనే చూస్తిని" అంది మహిళా విభాగం కోమలవల్లి. మూసుకున్న మాట నిజమే. వేళ్ళ సందులు మాత్రం బాగా తెరిచి ఉంచింది. "రత్తమైనా పోనీ. ఆ కింద రాసిన మాటలు! అంత బూతు తెలుగు నేను ఎక్కడా చదవలేదుంగ."

"ఏం మాటక్కా అది?" ఎవరో ఆశగా అడిగారు.

"థూ. నా నోటితో చెప్తానా?"

వసంతకుమార్ గొంతు సవరించుకున్నాడు. యూట్యూబ్‌లో సినిమాల మీద తీర్పులిచ్చే కుర్రాడు. "మీరంతా రత్తం చూసినారు. నేను దాని వెనక మౌనం చూసినా. హింస ఇక్కడ ఒక కవిత. ఆ తర్జుమా అయితే... అచ్చం కోస్తా తెలుగు! మనకు రాదు అట్ల."

"కవితంట!" సుబ్రమణియం మండిపడ్డాడు. "సొంత తమ్ముణ్ణి నరికిందిరా అది!"

"తమ్ముడు కాదు మామా, మొగుడు. కింద తెల్లగా రాసుండారే."

"నాకు చదవను రాదంటావా?"

"లేదుంగ మామా. తమ్ముడే అనుకోండి. కళ అంటే ఎవరికి తోచింది వారికి."

సుబ్రమణియం తల్లి రామక్కాళ్ గోడవార కూర్చుని ఉంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "బిడ్డ పోయినామె కదరా. కత్తి కడిగినాక రెండు కంచాలు పెట్టె. ఒకటి మళ్ళా తీసేసె. నాకు ఏడుపొచ్చె."

"నువ్వు ఉండమ్మా. నీకు చదువు రాదు, నీకేం అర్థమవుతాది ఈ పడం?"



హింస మన సంస్కృతి కాదని అందరూ ఒప్పుకున్నారు. గుండు మనిషిని ఐస్ పెట్టెలో కుక్కే సీను మాత్రం ఇంకోసారి వెయ్యమని ఇద్దరు అడిగారు. ఖండించాలంటే సరిగ్గా చూడాలి కదా.

ఆ తర్వాత తీర్మానం. ఈ సినిమా పిల్లలకు చూపరాదు. ఇలాంటి సినిమా తెచ్చిన తరగతి ఈరోజుతో రద్దు. గది వంటపాత్రలకు. త్వరగా అయిపోవాలని తమిళంలో రాశారు.

మేనక లేచింది. "పడం వద్దంటే వద్దు మామా. తరగతి ఉండనీండి. ఆ పిల్లోళ్ళకి వేరే చోటు లేదు. ఇప్పుడిప్పుడే గుణింతాలు కూడబలుక్కుంటుండారు."

"తరగతి ఎందుకమ్మణీ? తెలుగు మన రత్తంలో ఉండాది! మా అప్పా నన్ను ఏ తరగతికి పంపినాడు? ఇప్పుడు రెండు గంటలు చదివితిమా లేదా?"

చప్పట్లు. కోమలవల్లి అందరికంటే గట్టిగా కొట్టింది.

"అందరూ చదివినారా మామా?"

"ఒక్క అక్షరం వదల్లేదు!"

"అక్కా, మీరు?"

"చదవకనే ఒళ్ళు జలదరించిందా?"

"వసంతూ?"

"చదివేదే నా పని అక్కా."

"అట్లయితే అదీ రాసేయండి. కింద వచ్చిందంతా చదివి, అర్థం చేసుకొనే ఈ తీర్మానం చేసినామని. రేపు ఎవరూ తప్పు పట్టకూడదు కదా."

"బుద్ధి ఉండే పిల్ల" అన్నాడు సుబ్రమణియం. రాయించాడు. మొదటి సంతకం ఆయనదే. వసంతకుమార్ సంతకం కింద గీత కూడా గీశాడు. కాగితం అందరి చేతులూ తిరిగి మేనక దగ్గరికి వచ్చింది.

ఆమె దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుంది. సినిమా వేసిన ల్యాప్‌టాప్ మూసింది.

"మామా, మీరంతా ఇప్పుడు చదివింది కన్నడం."