ఖాళీ షెడ్డు ఫొటో

అర్ధరాత్రి దాటింది. విమానం నుంచి తీసిన ఆ ఫొటోను గూఢచారి శాఖ గుమాస్తా పదకొండు రాత్రులుగా చూస్తున్నాడు. పొరుగుదేశంలో ఒక ఖాళీ షెడ్డు, ఖాళీ ఆవరణ. అంతే.

ఫోన్‌లో పైఅధికారి విసుక్కున్నాడు. "ఆయుధాలున్నాయని రాసి సంతకం పెట్టవయ్యా. పొద్దున మంత్రిగారు అది చదివే యుద్ధం ప్రకటించాలి."

"ఏమీ లేవు సార్."

"లేవని నీకూ నాకూ తెలుసు. దండోరా వేయించమంటావా?"

ఇంటికెళ్లి కాస్త కునుకు తీస్తే చాలనిపించి, అతను అలాగే రాసి సంతకం గీకేశాడు.

సిరా ఆరకముందే ఫొటోలోని ఆవరణలో ఒక మనిషి కనిపించాడు. తల పైకెత్తి చూస్తున్నాడు. భూతద్దం పెట్టేసరికి, అతని చెయ్యి పట్టుకుని ఇద్దరు పిల్లలు.

గుమాస్తా మళ్లీ ఫోన్ చేశాడు.

"సార్, ఇందులో మనుషులున్నారు. నాకేసే చూస్తున్నారు."

"భేష్! శత్రువులు పొంచి ఉన్నారని అదీ చేర్చు."

ఫోన్ పెట్టేసి చూశాడు. ఆవరణ పిల్లాపాపలతో నిండిపోతోంది.