పదో ప్రశ్న

“ఆ జబ్బు నయమైనవాళ్ళు మీ ఇంటికొస్తే మంచినీళ్ళిస్తారా అండీ?”

“ఎందుకివ్వమండీ? బొండం కొట్టిస్తాం,” అంది సూర్యకుమారి.

“గ్లాసుతో ఇవ్వరా?”

“గ్లాసైతే మళ్ళీ కడుక్కోవాలండీ. బొండమైతే తాగి అవతల పడేస్తారు.”

తన తెలివికి తనే నవ్వుకుంది. చేతిలో దువ్వెన అలాగే ఉంది. అంతవరకూ అరుగు మీద అత్తగారి తల దువ్వుతోంది. మనిషి వచ్చిందని ఆవిడ టీ పెట్టడానికి లేచింది.

వచ్చినామె పేరు నాగదుర్గ. కుష్టు జబ్బంటే జనానికి ఎంత వెరపో తెలుసుకోమని అమలాపురం ఆఫీసువాళ్ళు పంపారు. అంబాజీపేట దగ్గర ఆ ఊళ్ళో ఇంటికి పది ప్రశ్నలు.

“ఇదే ఆఖరుదండీ. మీ ఇంట్లోవాళ్ళకే వస్తే?”

“అమ్మో! కొబ్బరితోటలో పాక ఉందండి. అందులో పెట్టేస్తాం.”

టీ తెస్తున్న అత్తగారు బంగారమ్మ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది.

నాగదుర్గ స్టీలు గ్లాసు అందుకుంది. చుర్రుమని కాలి, గబుక్కున కింద పెట్టేసింది.

పొయ్యి దగ్గర్నుంచి దాన్ని ఉత్త చేత్తో పట్టుకొచ్చిన ఆ ముసలి వేళ్ళ వైపు చూసింది.

టీ మొత్తం తాగింది.

“చాలా బాగుందండి మామ్మగారూ. మళ్ళీ వస్తాను. పెద్దవాళ్ళని విడిగా అడగవలసినవి ఉన్నాయి.”

నెల తిరక్కుండా వచ్చింది. ఆ తర్వాత ప్రతి నెలా వచ్చింది. ఇద్దరూ పెరట్లో కూర్చునేవారు.

ఆ జబ్బువాళ్ళ ఇళ్ళకీ తిరిగే మనిషి కదా అని, సూర్యకుమారి ఇక టీ ఇవ్వనివ్వలేదు. ఎప్పుడొచ్చినా బొండమే.

“మా అత్తయ్యగారికి ఇన్ని ప్రశ్నలేంటండీ బాబూ? కలెక్టరు పరీక్ష రాయిస్తారేంటి?”

“ఆయ్! రాయిస్తే ఫస్టు ఆవిడేనండి,” అనేది నాగదుర్గ, బొండం రెండు చేతులతో అందుకుంటూ.

“కబుర్లకేం గానీ నల్లబడిపోయేరు చూడండి. నీడలోకి జరగండి అత్తయ్యగారూ, తలనొప్పొస్తుంది.”

పదమూడో నెల నాగదుర్గ రాలేదు.

ఆటో చప్పుడైతే చాలు, బంగారమ్మ లేచి గేటు దాకా వెళ్ళేది. ఉత్త చేతులతో తిరిగొచ్చేది.

ఓ రోజు సూర్యకుమారి అత్తగారి పెట్టెలో చీరలు ఎండేస్తుంటే, మడతల్లోంచి మాత్రల అట్టలు జారాయి. పన్నెండు. అన్నీ ఖాళీ. ఆసుపత్రి గోడ మీద కుష్టు మందు బొమ్మలో చూసిన అట్టలే.

“నాకెందుకు చెప్పలేదండీ?”

“పాక అన్నావు కదమ్మా.”

బంగారమ్మ అట్టలు ఒక్కొక్కటే ఏరుకుంది.

“మందు మొదలెడితే ఇక ఎవరికీ అంటదంది, ఇవి తెచ్చిచ్చిన ఆ అమ్మాయి. లేకపోతే నీ పిల్లల్ని ముట్టుకుంటానా? ఇప్పుడు పూర్తిగా తగ్గిపోయిందట. మిమ్మల్నొదిలి ఉండలేక దాచుకున్నాను, తల్లీ.”

సూర్యకుమారి ఆ వేళ్ళు తన చేతుల్లోకి తీసుకుంది.

మర్నాడు ఫ్లాస్కులో టీ పోసి, తను రోజూ తాగే గ్లాసు సంచిలో పెట్టుకుని అమలాపురం బస్సెక్కింది.

“నాగదుర్గగారాండీ? ఉద్యోగం గడువైపోయింది. ఏ ఊరెళ్ళేరో మాకూ తెలీదు,” అన్నాడు ఆఫీసులో గుమాస్తా వరప్రసాదం.

“నేను చెప్పిన జవాబొకటి మార్చాలండీ,” అని సూర్యకుమారి తన పేరూ ఊరూ చెప్పింది.

“ఆ సర్వే నిరుడు ఒక్క వారంలోనే అయిపోయిందమ్మా. మీ ఊరికి మళ్ళీ ఎవర్నీ పంపలేదు.”

నాగదుర్గ వదిలి వెళ్ళిన సొరుగు వెతికి ఒక కాగితం తీశాడు.

“ఇదొక్కటీ మాకివ్వలేదావిడ. ఇంకా పూర్తవలేదనేవారు.”

తొమ్మిది ప్రశ్నలకీ గుర్తులున్నాయి. పదోదాని ఎదుట గడి ఖాళీ.

ఆ పక్కన పెన్సిలుతో, చిన్న అక్షరాలతో రాసి ఉంది: “అత్తగారి తల ఈవిడే దువ్వుతారు. ఇది భయంతో చెప్పిన జవాబు. మళ్ళీ అడగాలి.”