ఫిడేలు వినిపిస్తున్నంత సేపు

శనివారం సాయంత్రం నాలుగు గంటలకు బర్మాలోని చిమిండైంగ్‌లో ఒక పెళ్లి హాలు ముందు సైన్యం ట్రక్కు ఆగింది. సార్జెంటు దిగాడు. వార్డు ఆఫీసులో పనిచేసే సత్తిరాజు వెనక నుంచి దిగాడు. డ్రైవరు దిగలేదు. లోపల బ్యాండులో ఫిడేలు వాయిస్తున్న జెర్రీని బలవంతంగా సైన్యంలో చేర్చడానికి తీసుకెళ్లాలి. జెర్రీ ఎవరో చూపించడం సత్తిరాజు పని.

జెర్రీ తల్లి ఆలిస్ గేటు దగ్గరే ఎదురొచ్చింది. చేతిలో బిర్యానీ గరిటె ఉంది.

“ఏటి సత్తిరాజూ, పిలవని పెళ్లికి ట్రక్కేసుకుని వచ్చినావు?”

“నీకు తెలీదేటి అక్కా. జెర్రీని పిలు.”

“ఆడు వాయిస్తన్నాడు.”

“వినబడతంది. పిలు.”

“పెళ్లికూతురింకా డాన్సు చెయ్యలేదు. మధ్యలో ఫిడేలోణ్ని లాక్కుపోతే ఆ పిల్ల పెళ్లి ఏటవ్వాల?”

“అక్కా.”

“నీకూ ఉన్నాడు గదరా ఒక కొడుకు.”

“ఉన్నాడు. అందుకే వచ్చేను.”

ఆలిస్ గరిటెను రెండో చేతిలోకి మార్చుకుంది.

“ఆఖరి పాట దాకా ఆగు. అంతే అడుగుతన్నాను.”

సత్తిరాజు ఆ మాట సార్జెంటుకి బర్మా భాషలో చెప్పాడు. సార్జెంటు గేటు లోంచి హాలు వైపు చూశాడు. రెండు వందల మంది దాకా ఉన్నారు.

“వెనక దారి ఉందా, కో రాజు?”

“వంటగది తలుపుంది సయా. నది వైపు.”

“అటు నుంచి పోతే?”

“ఫిడేలు వినిపిస్తున్నంత సేపు మనిషి లోపల ఉన్నట్టే. అది వాయించేవాడు ఈ బ్యాండులో ఇంకొకడు లేడు.”

“సరే. వాడు దొరక్కపోతే ట్రక్కు నువ్వెక్కుతావు.”

“అలాగే సయా.”

ఎవరో గేటు పక్కన రెండు కుర్చీలు వేశారు. ఇద్దరూ కూర్చున్నారు. లోపల కౌబాయ్ డాన్సు పాటలు వాయిస్తున్నారు. ఒక మామూలు గిటారు, నిలబడి వాయించే బేసు, డ్రమ్ములు, ఫిడేలు, స్టీల్ గిటారు. గోడ మీది స్పీకర్ల లోంచి పాట రోడ్డు దాకా వస్తోంది.

“ఆ ఏడ్చేది ఏమిటి?” అన్నాడు సార్జెంటు.

“స్టీల్ గిటారు సయా. ఒళ్లో పడుకోబెట్టుకుని తీగల మీద ఇనపకడ్డీ జరుపుతారు. జెర్రీ అన్న నాథన్ వాయిస్తాడు.”

“అన్న కూడా ఉన్నాడా?”

“నలభై దాటింది సయా. మీకు పనికిరాడు.”

“ఆ గిటారు పనేమిటి?”

“పాడేవాడు మాట పాడి ఆగితే, ఇది జవాబు చెప్తుంది. మిగతా టైములో ఫిడేలుతో జోడీ. రెండూ ఒకే వరస వాయిస్తాయి.”

“ఒకే వరసకి ఇద్దరెందుకు? ఒకడికి భోజనం దండగ.”

“పెళ్లింట్లో అలా అనకూడదు సయా.”

సార్జెంటు నవ్వాడు. ఆలిస్ రెండు ప్లేట్లు తెచ్చి ఇచ్చింది. సార్జెంటుకి రెండు ముక్కలు ఎక్కువ వేసింది. లోపలికి వెళ్లిపోయింది. ఆమె బ్యాండు వైపు నడవడం సత్తిరాజుకి గేటు దగ్గర నుంచి కనిపించింది. తర్వాత డాన్సు చేసేవాళ్లు అడ్డం వచ్చారు.

పాట అయిపోయింది. ఇంకో పాట మొదలైంది.

“రెండిట్లో ఒకటే వినిపిస్తోంది,” అన్నాడు సార్జెంటు.

సత్తిరాజు అన్నంలో చెయ్యి ఆపి విన్నాడు.

“స్టీల్ గిటారు ఆగింది సయా. నాథన్ భోజనానికి లేచినట్టున్నాడు.”

“మరి ఇది?”

“ఫిడేలు.”

సార్జెంటు తినడం మొదలుపెట్టాడు. పాట మారింది. హాల్లో చప్పట్లు కొట్టారు. పెళ్లికూతురు డాన్సు చేస్తోందని గేటు దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు అనుకున్నారు. పాట మళ్లీ మారింది. డ్రైవరు ట్రక్కులో నిద్రపోయాడు.

ఆలిస్ నీళ్ల జగ్గు పట్టుకుని వచ్చింది.

“ఇంకెన్ని పాటలు అక్కా?” అన్నాడు సత్తిరాజు.

“జనం అడిగినన్ని.”

“ఇయ్యాల ఫిడేలు బాగా పలుకుతంది.”

ఆలిస్ అతని మొహం చూడలేదు. గ్లాసులో నీళ్లు పోసింది.

“చిన్నప్పట్నించి వింటన్నావు గదా,” అంది.

“ఊఁ.”

“తిను. చల్లారిపోతంది.”

ఆమె అక్కడే గేటుకి ఆనుకుని నిలబడింది. సత్తిరాజు తిన్నాడు. సార్జెంటు ఎముకలు ప్లేటులో ఒక పక్కకి పెట్టి, చికెన్ ఎవరు వండారని అడిగాడు. ఆలిస్ తనేనని చెప్పింది. బాగుందన్నాడు. ఇంకొంచెం తెమ్మంటారా అంది. వద్దన్నాడు.

పాట సగంలో ఉండగా కరెంటు పోయింది.

హాల్లో ఫ్యాన్లు ఆగాయి. స్పీకర్లు ఆగాయి. జనరేటర్ వేయమని ఎవరో అరిచారు. బ్యాండు ఆగలేదు. గిటారు, బేసు, డ్రమ్ములు గేటు దాకా సన్నగా వినిపించాయి. మైకు లేకుండానే పాడేవాడు పాడుతున్నాడు. ఒక మాట పాడి ఆగాడు. జవాబు రాలేదు. తర్వాతి మాట పాడాడు.

సార్జెంటు కుర్చీ లోంచి లేచాడు.

“ఫిడేలు ఆగింది.”

ఆలిస్ చేతిలో జగ్గు అలాగే ఉంది.

సత్తిరాజు గ్లాసు ఎత్తి నీళ్లన్నీ తాగాడు. గ్లాసు కుర్చీ కింద పెట్టాడు.

“కరెంటు పోయింది గదా సయా,” అన్నాడు. “వచ్చేక మళ్లీ వాయిస్తాడు.”

సార్జెంటు కూర్చున్నాడు.

ఆ బ్యాండులో కరెంటు లేకపోతే పలకనిది స్టీల్ గిటారు ఒక్కటే.