విత్తనం కాయలు

"ఆ కాయలు మిషన్లో పొయ్యకండి!"

షెడ్డు గుమ్మంలోంచి కేక వినపడేసరికి మేస్త్రమ్మ చేతిలో గంప అలాగే ఆగిపోయింది.

ఎవరో అరవై ఏళ్ల మనిషి. వెలిసిపోయిన చీర, భుజాన గుడ్డసంచి. ఊరికి కొత్త.

"ఏం, ఎందుకు పొయ్యకూడదూ?"

"విత్తనం కాయలు కదా తల్లీ. వాటిని చేత్తోనే ఒలవాలి."

షెడ్డులోని పన్నెండుమంది ఆడవాళ్లూ ఘొల్లుమన్నారు.

నవ్వరూ మరి! ఏళ్ల తరబడి వేరుశనగ కాయలు ఒలిచి ఒలిచి వాళ్ల వేళ్లు పుళ్లయిపోయాయి. ఉప్పు తగిలితే ప్రాణం పోయేది. అలాంటిది దేవుడు పంపినట్టు నిన్ననే ఈ మిషను వచ్చింది. పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడిస్తే చాలు, వారం పని పూటలో తెమిలిపోతోంది.

మేస్త్రమ్మ కొత్తామె చెయ్యి పట్టుకుని చూసింది. బొటనవేలు కాయకాచి, గోరు సగానికి అరిగిపోయి ఉంది.

"ఎన్నేళ్లు ఒలిచావు?"

"ముప్పయ్యేళ్లు."

"మరిప్పుడో?"

"ఇప్పుడెక్కడిది? మిషన్లొచ్చాయిగా."

మేస్త్రమ్మకు సంగతి అర్థమైపోయింది. పాపం, మిషను వల్ల కూలి పోయిన మనిషి. కడుపుమంట ఉండదూ?

"సరేలే, ఆ మూల కూర్చుని ఒలుచుకో. కూలిస్తాం."

"కూలొద్దు. ఆ విత్తనం బస్తాలు నాలుగూ ఒలవడానికి నాకివ్వండి."

"అమ్మో, ఆశకు అంతుండాలి! అర బస్తా తీసుకో."

ఆ నాలుగు బస్తాల మీదే వాళ్ల ప్రాణాలన్నీ ఉన్నాయి. పరాయివాళ్ల కాయలు ఒలిచిన ఆ చేతులు, ఈసారి అందరూ కలిసి రెండెకరాలు కౌలుకు తీసుకుని, మొదటిసారి సొంత పంట వెయ్యబోతున్నాయి.

కొత్తామె మూడు రోజులు మూల కూర్చుంది. ఒక్కో కాయా చిట్లించి, పలుకును వెలుతురుకేసి తిప్పి చూసి బుట్టలో వేసేది.

"అత్తా, నువ్వు ఒలవడమయ్యేసరికి మా మనవళ్లకు పెళ్లిళ్లవుతాయి!" అంది వాగుడుకాయ అని పేరుపడ్డ పిల్ల.

కొత్తామె కూడా నవ్వింది. కానీ చెప్పడం మానలేదు.

"మిషను దెబ్బకి పలుకు ముక్కు విరుగుతుందే. కంటికి కనపడదు. తినడానికి, నూనెకి దివ్యంగా ఉంటుంది. మొలవదు, అంతే."

మూడో రోజు ఇద్దరు ముగ్గురు ఆ మాట నమ్మి, చాటలు పట్టుకుని ఆమె పక్కన చేరారు.

మేస్త్రమ్మకు ఒళ్లు మండిపోయింది. ఈ మిషను కోసం చెప్పులరిగేలా తిరిగింది తను!

"మళ్లీ మా చేత వేళ్లు పగలగొట్టిస్తావా? నీ కూలి పోయిందని మా నోటికాడ కూడు పడగొడతావా? లే, నడు!"

"మిషను మంచిదే తల్లీ, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు!"

ఆమె లేచి, చీరకంటిన పొట్టు దులుపుకుంది. బుట్ట తెచ్చి మేస్త్రమ్మ ముందు పెట్టింది.

"ఇవైనా విత్తుకోండి" అని వెళ్లిపోయింది.

కోపం చల్లారక మేస్త్రమ్మ ఆ బుట్టెడు పలుకులూ నూనెమిల్లుకు పోయే రాశిలో గుమ్మరించింది. నాలుగో బస్తాలో మిగిలిన కాయలు కూడా మిషన్లోకే పోయాయి.

వాన పడింది. విత్తారు. వారమైంది. పది రోజులైంది.

సాలుకు నాలుగు మొలకలు.

మేస్త్రమ్మ మోకాళ్ల మీద కూలబడి వేలితో మట్టి తవ్వింది. పలుకు ఉబ్బి, కుళ్లి, మెత్తగా చితికిపోయింది. ఇంకోచోట తవ్వింది. అక్కడా అంతే. అదను దాటిపోయింది, మళ్లీ విత్తడానికి గుప్పెడు గింజల్లేవు.

"ఆ ముసల్దే శాపం పెట్టింది" అని ఏడ్చింది వాగుడుకాయ.

"నోర్ముయ్యవే" అంది మేస్త్రమ్మ.

ఆ సాయంత్రమే, మిషనును లారీలో తెచ్చి దింపిన మెకానిక్కు దాన్ని చూసిపోదామని వచ్చాడు. మేస్త్రమ్మ అతని మీద విరుచుకుపడింది.

"విత్తనానికి పనికిరాదని ముందే చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

అతను తెల్లబోయాడు.

"అదేంటమ్మా! మిషను దింపిన మర్నాడే ఆవిడ వచ్చిందిగా? ఎక్కడ మిషను దింపినా వెనకాలే బస్సెక్కి వెళ్లి, ఆ ఒక్క మాటా చెప్పి, దగ్గరుండి విత్తనం ఒలిపించి వస్తుంది."



"కూలి పోయిన మనిషనుకున్నాం బాబూ... ఇంతకీ ఎవరావిడ?"

"కూలి పోవడమేంటమ్మా? ఈ మిషను చేసింది ఆవిడే."