గేటు దిక్కు కిటికీ

“కిటికీకి సున్నా,” అన్నాడు శివ, కొలత పరికరం బల్ల మీద పెడుతూ.

వనజ రాస్తున్న కాగితం మీద నుంచి తలెత్తింది. అప్పటిదాకా ఆ రేకు ఇంజన్‌కు ఒక్క మార్కు కూడా పోలేదు.

మణుగూరు కాలనీ క్లబ్బులో పోటీ అది. బొగ్గు లాగిన డీజిల్ ఇంజన్లు పోయి కరెంటువి వచ్చాయి. పాత ఇంజన్‌కు నమూనా చేయమని క్లబ్బు పిలుపిచ్చింది. గెలిచిన నమూనా, చేసినవాళ్ల పేరుతో, స్టేషన్‌లో అద్దాల పెట్టెలో ఉంటుంది. పదకొండు వచ్చాయి. న్యాయనిర్ణేతలు ఇద్దరు. తల్లాడ నుంచి వచ్చి ఇక్కడి బడిలో సైన్సు చెప్పే వనజ ఒకరు, ఆ ఇంజన్లను పద్నాలుగేళ్లు నడిపిన లోకో పైలట్ శివ ఇంకొకరు. కొలిచి మార్కులు వేయడం శివ పని. రాసుకుని కూడడం వనజ పని.

తొమ్మిదో నమూనా హాతీరాంది. టేకులపల్లి పక్క తండా మనిషి. రైలు గేటు కాసి రిటైరయ్యాడు. నూనె డబ్బాల రేకు కత్తిరించి ఎనిమిది నెలలు కూర్చుని చేశాడు. ఫారం నింపింది శివ. పేరు అడిగాడు, ఊరు అడిగాడు. వయసు అడగకుండానే డెబ్బై ఒకటి అని రాశాడు. తలెత్తి మనిషిని చూడలేదు. ఎదురుగా నిలబడ్డవాణ్ణి వయసు అడగడానికి కూడా తీరిక లేదా అని వనజకు అప్పుడే మండింది.

ఇంజన్‌లో మాత్రం తప్పు దొరకలేదు. చక్రాల మధ్య దూరం సరిపోయింది. ఇసుక పెట్టెల మూతలు, హారన్ వంపు, మెట్ల లెక్క, పక్క తలుపుల గడియలు అసలు ఇంజన్ డ్రాయింగులో ఉన్నట్టే ఉన్నాయి. నంబరులో చివరి అంకె కిందికి జారి ఉంది. అదీ నిజమేనని శివే ఒప్పుకున్నాడు. ఆ ఇంజన్‌కు పెయింటర్ అట్లాగే వేశాడట.

ఎడమ పక్క డ్రైవరు కిటికీ దగ్గర అతని చేయి ఆగింది. కిటికీ మూసి ఉంది.

“డ్రైవరు కిటికీ మూసుకుని బండి నడపడు,” అన్నాడు శివ. “పది మార్కులు పోయినట్టే.”

హాతీరాం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “మా గేటు కాడ మూసే ఉంటుండె సార్.”

“వాన పడ్డప్పుడు చూసుంటావ్.”

డెబ్బై ఏళ్ల మనిషిని నువ్వు అనడం వనజ చెవిన పడింది.

“ఎండల గూడ చూసిన. నేను జెండా పట్టుకొని నిలబడుతుంటి. ఈ నంబరు ఇంజన్ మలుపు తిరగంగనే కిటికీ మూతపడుతుండె. ఆరేండ్లు గట్లనే.” హాతీరాం రేకు కిటికీ వైపు వేలు చూపాడు. “తోస్తే తెరుచుకుంటది సార్. గాడి చేసి పెట్టిన. ఒక్కసారి తోసి చూడున్రి.”

శివ తోయలేదు.

జెండా సంగతి ఏందని వనజ అడిగింది. హాతీరాం చెప్పాడు. రైలు వస్తుంటే గేటు కాసేవాడు జెండా చూపాలి. డ్రైవరు కిటికీలోంచి చేయి చూపి బదులివ్వాలి. అంతా బాగుందని ఒకరికొకరు చెప్పుకోవడం అది. మిగతా డ్రైవర్లందరూ చేయి చూపేవాళ్లు. ఈ నంబరు మీద ఎక్కువగా వచ్చింది ఎవరని వనజ అడిగితే, శివ సారే అన్నాడు.

వనజకు విషయం తెలిసిపోయింది. తప్పు ఇంజన్‌లో లేదు. ఆరేళ్లు రూలు తప్పిన డ్రైవరు, దానికి రేకులో రుజువు కనబడేసరికి మార్కులు కోస్తున్నాడు.

“చూసింది చూసినట్టు చేయాలని పోటీ కాగితంలో రాసింది మీరే కదా సార్,” అంది. “ఆయన చూసిందే చేశాడు. చూసినందుకు సున్నానా?”

“టీచరమ్మా, ఇంజన్ గురించి నాకు చెప్పకు.”

“ఇంజన్ గురించి కాదు సార్ చెప్పేది. కిటికీ గురించి.”

శివ తొంభై అని తనే రాసి, కింద గీత గీసి, తర్వాతి బల్ల దగ్గరికి పోయాడు. అక్కడున్నది ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని కంప్యూటర్‌లో గీసి ప్రింటర్‌తో తీసిన బొమ్మ. దాని హారన్ తలకిందులుగా ఉంది. ఆరు పోయాయి. కిటికీ బార్లా తెరిచి ఉంది. తొంభై నాలుగుతో అదే గెలిచింది. శివ మైకులో ఖచ్చితత్వం గురించి నాలుగు ముక్కలు మాట్లాడి దిగాడు. జనం చప్పట్లు కొట్టారు.

వనజ కొట్టలేదు. వరండాలో కూర్చుని రైల్వే అధికారులకు ఫిర్యాదు రాసింది. ఫలానా లోకో పైలట్ ఆరేళ్లు గేటు జెండాకు బదులివ్వలేదని, చూసిన మనిషి ఉన్నాడని, నిజం బయటపెట్టినందుకు ఆ మనిషి కష్టాన్ని తొక్కేశాడని, పేజీ నిండా రాసింది. హాతీరాంను పిలిచి చదివి వినిపించి, పెన్ను చేతికిచ్చింది.

అతను ఇంజన్‌ను తువ్వాలలో చుట్టి పక్కన పెట్టాడు. కాగితం తీసుకుని తనే మళ్లీ మొదటి నుంచి చదువుకున్నాడు.

“గిది పోతే ఆయనకు ఏమైతది?”

“విచారణ అవుతుంది. సస్పెండ్ చేస్తారు. చేయాలి కూడా.”

హాతీరాం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతికే తిరిగిచ్చాడు. “నేను సంతకం పెట్టను బిడ్డా.”

“భయమా?”

“భయమేముంది, రిటైరైనోణ్ణి.”

“మరి? మీ ఎనిమిది నెలల కష్టాన్ని ఒక్క గీతతో కొట్టేశాడు. మీ మొహం కూడా చూడలేదు. అప్పుడే మీరు రిపోర్టు రాసుంటే ఆరేళ్లు సాగేదా? అట్లాంటి మనిషిని ఎందుకు కాపాడుతున్నారు?”

లోపల కుర్చీలు మడుస్తున్న చప్పుడు. శివ క్లబ్బు గేటులోంచి మోటారు సైకిల్ తీసుకుని వెళ్లిపోతున్నాడు. హాతీరాం ఆ బండి మలుపు తిరిగేదాకా చూశాడు.

“వాడు నా కొడుకు.”